వంశం కాపాడే తండ్రులు: ఒక వీడియో గేమ్‌లో గే పాత్ర

(విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వీడియో గేముల గురించి ఈ వేదిక మీద మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మన హాస్టల్ గదుల్లో చాలామంది రాత్రులు ఆ తెర ముందే గడుస్తున్నాయి. అక్కడ మన మనసు ఏం నేర్చుకుంటోందో మనమే అడగాలి. ఒక్క గేమ్‌నే తీసుకుంటాను. కెనడాకు చెందిన బయోవేర్ 2014లో తయారుచేసిన 'డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్'.

అందులో డోరియన్ అనే మాంత్రికుడు మన దళంలో చేరతాడు. చమత్కారి, పోరులో నమ్మదగిన తోడు. అతను గే. చాలామంది ప్లేయర్లకు ఈ సంగతి అతనితో కలిసి ఎన్నో పోరాటాలు చేశాకే స్పష్టంగా తెలుస్తుంది. రెడ్‌క్లిఫ్ అనే ఊరి సత్రంలో తండ్రీకొడుకులు ఎదురుపడతారు. వాళ్లది టెవింటర్ సామ్రాజ్యంలో పెద్ద మాంత్రిక వంశం. మేలైన మాంత్రికులు పుట్టాలని ఆ వంశాలు తరతరాలుగా లెక్కచూసి పెళ్లిళ్లు కుదుర్చుకుంటాయి. కొడుకు ఆ దారిలోకి రాలేదు. రక్తమంత్రం నీచమని నేర్పిన తండ్రే, ఆ మంత్రంతోనే కొడుకును మార్చేయాలని చూశాడు.

ఈ ఘట్టం చూసినప్పుడు నాకు బాబాసాహెబ్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన 'భారతదేశంలో కులాలు' వ్యాసం గుర్తొచ్చింది. సొంత గుంపులోనే పెళ్లి అన్న నియమమే కులానికి ప్రాణమని, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ నియమాన్ని కాపాడే పనిముట్లని ఆయన వివరించారు. ఆ వాదనను నేను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్తాను. పెళ్లి వంశం కోసమే అన్నచోట, ఆ పెళ్లి వద్దన్న గే కొడుకు కూడా ఆ గోడకు పగులే. పరువు పేరుతో ప్రేమజంటల్ని చంపేవాళ్లూ, గే పిల్లల్ని "బాగుచేయించాలని" చూసేవాళ్లూ ఒకే గోడకు కాపలా కాస్తున్నారు.

సినిమాలో అయితే మనం చూసి ఊరుకుంటాం. ఇక్కడ మాట మనదే. తండ్రితో మాట్లాడమని చెప్పాలా, అక్కడి నుంచి తీసుకుపోవాలా, మనమే తేల్చాలి. ఇంకొక సంగతి. ప్లేయర్ ఆడ పాత్రతో ఆడుతూ డోరియన్ ప్రేమ కోరితే, అతను కుదరదంటాడు. ప్లేయర్ ముచ్చట తీర్చడానికి అతను తన స్వభావం మార్చుకోడు. గే మనిషిని వెక్కిరింతకో జాలికో పరిమితం చేసే అలవాటుకు అది మంచి దెబ్బ.

అయితే డోరియన్‌ను నెత్తిన పెట్టుకోవద్దు. తన దేశంలోని బానిసత్వం గురించి అడిగితే, దక్షిణాది మురికివాడల పేదరికం మాత్రం మేలా అని సమర్థించుకుంటాడు. ఒక అణచివేతకు గురైనవాడు ఇంకొక అణచివేతను చూడలేకపోవచ్చు. ఈ మాట మనకూ వర్తిస్తుంది. కులం గురించి నోరెత్తని క్వీర్ వేదికలకూ, క్వీర్ బిడ్డల గురించి నోరెత్తని మన సంఘాలకూ.

ఈ గేమ్ మన దేశంలో దుకాణాలకు రాలేదు. స్థానిక అశ్లీలతా చట్టాల ఉల్లంఘన అవుతుందని ప్రచురణ సంస్థ ఈఏ 2014 నవంబర్‌లో అమ్మకం నుంచి వెనక్కి తీసుకుంది. అంతకు ఏడాది ముందే, 2013 డిసెంబర్‌లో, సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. గే సంబంధాలు చూపినందుకే గేమ్ ఆగిందని చాలామంది అర్థం చేసుకున్నారు. పక్షపాతం పోవాలంటే ఎదుటి మనిషిని కలవాలి. ఇక్కడ కల్పిత మనిషిని కలిసే దారి కూడా మూసుకుపోయింది.

2018 సెప్టెంబర్ 6న అదే న్యాయస్థానం, పరస్పర అంగీకారం ఉన్న వయోజనుల సంబంధాలు నేరం కాదంది. ఆ తీర్పు ఆధారపడ్డ రాజ్యాంగ నైతికత అన్న భావనను 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు. అది పుట్టుకతో వచ్చేది కాదనీ, సాధనతో అలవరచుకోవాల్సిందనీ చెప్పారు. ఆ సాధనకు గేమ్ ఒక చిన్న చోటు మాత్రమే. తెరమీద డోరియన్ పక్షాన నిలబడి, పక్క గదిలోని మిత్రుణ్ణి మారుపేరుతో వెక్కిరిస్తే మనం నేర్చుకున్నది ఏమీ లేదు. ఈ రాత్రి హాస్టల్‌కు వెళ్లాక ఆ తలుపు తట్టండి.

జై భీమ్.