ఆ కాగితం బిడ్డది

(వైరాలో, కొత్తగా చదువు నేర్చిన అక్కలకు చెప్పిన మాటలు)



ఈరోజు ఒక కాగితం గురించి చెప్పుకుందాం. పొలం పట్టా కాదు. రేషన్ కార్డు కాదు. దత్తత కాగితం.

పిల్లల్ని పెంచుకోవడం మనకు కొత్త కాదు. అక్క బిడ్డను చెల్లె పెంచుకుంటది. పిల్లలు లేనివాళ్లు మరిది కొడుకును తెచ్చుకుంటరు. అక్కడ కన్నతల్లి ఎవరో ఊరందరికీ తెలుసు. కానీ శిశుగృహ నుంచి వచ్చిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు తల్లి పేరు తెలియదు. పుట్టిన ఊరు తెలియదు. పెద్దయ్యాక "నన్ను కన్నది ఎవరు? ఎందుకు వదిలింది?" అని అడుగుతుంది. ఆ జవాబు ఉండేది కాగితంలోనే.

ఆ కాగితం తప్పు అయితే ఏమవుతుంది? మన పక్కనే జరిగింది, వినండి.

1999లో, మళ్లీ 2001లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పసిపిల్లల అమ్మకం బయటపడింది. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడీ తండాల నుంచి ఆడపిల్లల్ని తెచ్చారు. అక్కడ కరువు, అప్పు, వరసగా ఆడపిల్లలు. దళారులు తల్లిదండ్రుల చేతిలో కొద్ది డబ్బు పెట్టారు. బిడ్డల్ని హైదరాబాదులోని కొన్ని సంస్థలకు చేర్చారు. అక్కడి నుంచి విదేశాలకు దత్తత పంపితే ఆ సంస్థలకు పెద్ద డబ్బు. దర్యాప్తు చేస్తే తప్పుడు పత్రాలు దొరికాయి. పేదరికం పేరుతో బిడ్డను సంస్థకు రాసివ్వడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది.

ఆ తల్లులకు ప్రేమ లేదని అనుకోవద్దు. చదువు రాని తల్లి వేలిముద్ర వేస్తే, పైన ఏం రాశారో ఆమెకెలా తెలుస్తుంది? అప్పటి పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు వచ్చాయి. అమ్మను వెతుక్కోవాలంటే చేతిలో ఉన్న కాగితమే ఆధారం. అందులో పేరు తప్పు, ఊరు తప్పు అయితే ఏ తండాకు పోవాలి? ఏ గడప తొక్కాలి?

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం.

2015లో బాలల న్యాయ చట్టం వచ్చింది. దాని కింద 2022లో దత్తత నియమాలు వచ్చాయి. పెంపుడు బిడ్డ తన పుట్టుక గురించి తెలుసుకోవాలంటే అధికారులు సాయం చేయాలని ఆ నియమాల్లో ఉంది.

పద్దెనిమిది ఏళ్లు నిండినవాళ్లు తామే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకన్నా చిన్నవాళ్లయితే పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవాలి.

దత్తత ఇచ్చిన సంస్థను అడగవచ్చు. ఆ సంస్థ మూతపడిందా? భయం లేదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంది. మనకైతే అది ఖమ్మంలో. ఢిల్లీలో కేంద్ర సంస్థ ఉంది. దాన్ని "కారా" అంటారు. విదేశంలో పెరిగినవాళ్లు అక్కడి దత్తత సంస్థను గానీ, మన దేశ రాయబార కార్యాలయాన్ని గానీ అడగవచ్చు.

మీలో ఒకరికి ఇంకో భయం ఉండొచ్చు. "పెళ్లి కాకముందు బిడ్డను ఇచ్చిన తల్లి గతి ఏంది? ఇప్పుడు ఆమెకు సంసారం ఉంది గదా?" మంచి ప్రశ్న. చట్టం ఆ తల్లిని కూడా కాపాడుతుంది. తన పేరు చెప్పొద్దని ఆమె అప్పుడే కోరి ఉంటే, ఇప్పుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెబుతారు. ఒప్పుకోకపోతే పేరు చెప్పరు. తల్లి దొరక్కపోయినా అంతే. కానీ ఏ పరిస్థితిలో బిడ్డను ఇచ్చారో ఆ కారణం మాత్రం బిడ్డకు చెప్పాలి. "నన్ను పారేశారు" అనుకుంటూ బతకడం కన్నా, "మా అమ్మ ఇంత కష్టంలో ఉంది" అని తెలిస్తే మనసు కుదుటపడుతుంది.

ఇంకొక మాట. బిడ్డ తరఫున మూడో మనిషి వెతకడానికి నియమాలు ఒప్పుకోవు. "డబ్బిస్తే మీ అమ్మను చూపిస్తా" అని ఎవరైనా వస్తే నమ్మవద్దు.

పెంచిన తల్లులకు ఒక మాట. "నిజం చెబితే బిడ్డ నన్ను వదిలి పోతదేమో" అని భయపడతారు. కర్ణుణ్ణి తలచుకోండి. కన్నది కుంతి, పెంచింది రాధ. యుద్ధం ముంగిట నిజం తెలిసింది. అయినా రాధను వదలనన్నాడు. రాధేయుడిగానే ఉన్నాడు. బాధంతా నిజం అంత ఆలస్యంగా తెలియడంలోనే ఉంది. కాబట్టి చిన్నప్పుడే, మెల్లగా, ప్రేమగా చెప్పండి. దత్తత ఉత్తర్వును, సంస్థ ఇచ్చిన ప్రతి కాగితాన్ని పెట్టెలో భద్రంగా దాచండి. అవి బిడ్డ ఆస్తి.

కష్టంలో ఉన్న తల్లికి ఒక మాట. బిడ్డను సాకలేని రోజు ఎవరికైనా రావచ్చు. అప్పుడు దళారి దగ్గరికి పోవద్దు. బిడ్డను అమ్మినా, కొన్నా అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. 1098కి ఫోన్ చేయండి. లేదా అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. వాళ్లు బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకుపోతారు. బిడ్డను అప్పగిస్తూ సంతకం చేసినా, మనసు మార్చుకోవడానికి అరవై రోజులు గడువు ఉంటుంది. ఆలోగా బిడ్డను తిరిగి అడగవచ్చు.

అందరికీ చివరి మాట. నిన్న మొన్నటి దాకా మనం వేలిముద్ర వేశాం. ఇప్పుడు చదవగలం. ఏ కాగితం ముందు పెట్టినా చదవండి. అర్థం కాకపోతే చదివించుకోండి. మీ పేరు సరిగా ఉందా? ఊరు సరిగా ఉందా? తేదీ ఉందా? తెలుగులో ఉందా? చూశాకే సంతకం చేయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఒక బిడ్డ ఆ అక్షరాలు పట్టుకుని అమ్మ ఊరికి దారి అడగవచ్చు. ఆ అక్షరాలు నిజం చెప్పాలి.