మనసు జబ్బు, మన మొహల్లా

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరినారు. ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకుంటున్నవాళ్ళం. ఏటేటా ఈ వేదిక మీద అదే చెప్తున్నాము. పిల్లల్ని బడికి పంపండి, ఆడపిల్లల చదువు ఏడో తరగతితో ఆపకండి అని. మీకూ విని విని విసుగు పుట్టి ఉంటుంది. ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటున్నాము. మా చదువంతా ఉర్దూలో సాగింది గనుక మా తెలుగులో తప్పులు దొర్లితే మీరే దిద్దుకొని వినండి.

సుమారు పదిహేనేళ్ళ కిందట మేము రాయచోటి వైపు ఒక బడిలో పని చేస్తుండగా నాలుగో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. చురుకైనవాడు. ఎక్కాలు గడగడ ఒప్పజెప్పేవాడు. ఉన్నట్టుండి మాట్లాడడం మానేసినాడు. పేరు పిలిస్తే లేచి నిలబడతాడు, నోరు తెరవడు. మొదట మొండితనమనుకున్నాము. ఒకరోజు ఓపిక నశించి కొట్టినాము. ఆ దెబ్బకు కూడా వాడు నోరు విప్పలేదు, నిలబడినచోటనే నిక్కరు తడుపుకున్నాడు. తరగతి అంతా నవ్వింది. ఈ మాట ఇంతమంది ముందర చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది.

వాని నాని బడికి వచ్చి, "సాబ్, ఇస్కూ హవా లగీ, మారో నక్కో" అన్నది. గాలి సోకిందట, కొట్టవద్దట. అప్పటికే రెండు తావీజులు కట్టించింది, రెండు దర్గాలు తిప్పింది. తల్లి ఎక్కడమ్మా అంటే కువైటు అన్నది. ఇంటి పనికి పోయి సంవత్సరమయింది. ఎనిమిది నెలలుగా ఆమె గొంతు ఈ పిల్లవాడు వినలేదు. ఫోను ఆమె దగ్గర ఉండనివ్వరట. డబ్బు మాత్రం వస్తూ ఉంది. ఆ డబ్బులో సగం ఏజెంటు అప్పుకు, తక్కినది తావీజులకు.

అక్కడ డ్రైవరు పని చేసే మన ఊరి మనిషి ఒకరి ద్వారా నానా తిప్పలు పడి తల్లితో మాట్లాడించినాము. వాడు ఫోను చెవికి పెట్టుకొని ఒక్క మాటా అనలేదు, ఏడ్చినాడు. అంతటితో బాగైపోయినాడని చెప్తే వినడానికి బాగుంటుంది గాని అట్లా జరగలేదు. కడప పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు దగ్గరికి ఏడాదికి పైగా తిరగవలసి వచ్చింది. పోయిన ప్రతిసారీ నానికి ఒక రోజు కూలి పోయింది. ఇప్పుడు వాడు సెల్‌ఫోను రిపేరు దుకాణంలో పని చేస్తున్నాడు. కనపడితే సలాం చేస్తాడు. ఆ దెబ్బ గుర్తుందా నాయనా అని అడిగే ధైర్యం మాకు ఇంతవరకు రాలేదు.

ఇప్పుడు మీరు చెప్పండి. ఆ పిల్లవాని జబ్బు వాని తలలో ఉందా, తల్లిని కువైటుకు తోలిన కరువులో ఉందా, ఏజెంటు అప్పులో ఉందా, ఫోను లాక్కున్న ఇంట్లో ఉందా, బెత్తం పట్టుకున్న మా చేతిలో ఉందా? ఇన్నిచోట్ల ఉన్న జబ్బుకు ఒక్క డాక్టరు ఏం చేయగలడు?

ఈ ప్రశ్న పెద్ద చదువులు చదివినవాళ్ళకు కూడా కలిగింది. 1965లో అమెరికాలో స్వాంప్‌స్కాట్ అనే ఊళ్ళో మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు సమావేశమై, రోగి మన గదిలోకి వచ్చేదాకా కూర్చుంటే చాలదు, అతడు బతికే వాడలోకి మనమే పోవాలి, జబ్బు పుట్టించే పరిస్థితులను మార్చడం కూడా మన పనే అని అనుకున్నారు. దానికి సాముదాయిక మనస్తత్వ శాస్త్రమని పేరు. ఎల్ సాల్వడార్ దేశంలో ఇగ్నాసియో మార్టిన్ బారో అనే క్రైస్తవ గురువు మనస్తత్వ శాస్త్రమే చదువుకున్నవాడు. అణగారినవాళ్ళ కళ్ళతో చూడకపోతే మనసు సంగతి అర్థం కాదని చెప్పి, రాసి, 1989 నవంబరు 16న అక్కడి సైనికుల తుపాకులకు బలి అయినాడు. మనసు వైద్యం గురించి మాట్లాడిన మనిషిని సైన్యం ఎందుకు చంపాలి? రోగం వెనుక అన్యాయముందని చెప్తే, ఆ అన్యాయం చేసేవాళ్ళకు గిట్టదు. అంతే.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ సరుకు, మనకెందుకు అనే పెద్దలు కూడా ఉన్నారు. వెయ్యేళ్ళకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే ఆలిం దేహానికీ మనసుకూ కలిపి ఆరోగ్య గ్రంథం రాసినాడు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియని దుఃఖం వేరు అని అందులో విడదీసి చెప్పినాడు. 1284లో కైరోలో కట్టిన మన్సూరీ ఆసుపత్రిలో మతి చెదిరినవాళ్ళకు కూడా చోటుండేది. మరిచిపోయింది మనమే.

మన రెండు జిల్లాల సంగతికి వస్తాము. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇల్లు పాతబస్తీలోనే ఉండేది. మిద్దెల మీద ప్రాణాలు అరచేత పెట్టుకొని కూర్చున్నవాళ్ళం మీలో ఎందరో ఉన్నారు. తరువాత బియ్యం ఇచ్చినారు, దుప్పట్లు ఇచ్చినారు. మన కుర్రవాళ్ళు రాత్రింబగళ్ళు బురద ఎత్తినారు. అదంతా మంచి పనే. కాని నిద్ర పడుతున్నదా అని ఎవరినీ ఎవరూ అడగలేదు. మా వీధిలో ఒక ఖాలా ఆ తరువాత మూడేళ్ళు, మబ్బు పట్టితే చాలు, పిల్లల్నీ కాగితాల సంచినీ ఎత్తుకొని మిద్దె ఎక్కేది. అందరూ ఆమెకు పిచ్చి అన్నారు. మేమూ నవ్వినాము.

ఇంకొకటి. 2010లో చిన్న అప్పుల కంపెనీలు వారం వారం ఇంటి ముందర కూర్చొని వసూలు చేసిన రోజులు ఆడవాళ్ళకు బాగా తెలుసు. అవమానం తట్టుకోలేక రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్ళకు కళ్ళెం వేసింది. గుండె దడ, నిద్ర లేమి అని ఆసుపత్రికి పోయే ఆడమనిషికి మాత్ర కూడా అవసరమే, కాదనము. కాని వాకిట్లో కూర్చున్న వసూలుదారును లేపింది మాత్ర కాదు, చట్టం. ఏ దిగులుకు మందు కావాలో, ఏ దిగులుకు న్యాయం కావాలో, దేనికి రెండూ కావాలో చూడడం నేర్చుకోవాలని మా మనవి.

దర్గాల సంగతి కూడా చెప్పక తప్పదు. కోపగించుకోకండి. మేమూ ఉర్సుకు పోయేవాళ్ళమే. కడప అమీన్ పీర్ దర్గాలో అన్ని మతాలవాళ్ళు చేరి మొక్కుకోవడం చూసి మనసు నిండినవాళ్ళమే. దుఃఖంలో ఉన్న మనిషి ఒకచోట కూర్చొని ఏడవగలగడం తక్కువ సంగతి కాదు. కాని 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడు ఏర్వాడిలో ఏం జరిగింది? దర్గా ఊళ్ళో ప్రైవేటు మనిషి నడిపే ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. లోపలి రోగులు గొలుసులతో కట్టబడి ఉన్నారు. పరుగెత్తలేకపోయినారు. 28 మంది కాలిపోయినారు. వాళ్ళను అక్కడ వదిలినవాళ్ళు రాక్షసులు కారు, మనవంటి తల్లిదండ్రులే. వేరే దారి చూపినవాళ్ళు లేక అక్కడ వదిలినారు.

అందుకే గుజరాతులో జరిగిన పని మాకు నచ్చింది. మెహసాణా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. 2008లో అక్కడ దవా, దువా అని ఒక పద్ధతి మొదలుపెట్టినారు. ముజావర్లతో పోట్లాడలేదు, వాళ్ళకే జబ్బు గుర్తులు నేర్పినారు. ముజావరు దువా చేసి, మందు కూడా తీసుకో బిడ్డా అని పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపుతాడు. డాక్టరు చెప్తే వినని మనిషి ముజావరు చెప్తే వింటాడు. మన దర్గాల పెద్దలను కలిసి ఈ మాట అడగడానికి మనకేం అడ్డం?

ఆఫ్రికాలో జింబాబ్వే అని ఒక బీద దేశం ఉంది. అక్కడ డిక్సన్ చిబాందా అనే మనసు డాక్టరు దగ్గర చూపించుకుంటున్న ఒక యువతి ఆసుపత్రికి రాకుండా ప్రాణం తీసుకుంది. ఎందుకు తీసుకురాలేదమ్మా అని తల్లిని అడిగితే, బస్సు ఛార్జీలకు డబ్బు లేదు అన్నది. ఆ డాక్టరుకు ఆ మాట ముల్లులాగా దిగబడింది. 2006లో పద్నాలుగు మంది ముసలమ్మలకు తర్ఫీదు ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల బయట చెట్టు కింద బెంచీలు వేయించినాడు. స్నేహపు బెంచీ అని పేరు. ముసలమ్మ పక్కన కూర్చొని వింటుంది, తరువాత ఒక్కొక్క చిక్కును ఎట్లా విప్పాలో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. 2016లో లెక్క కట్టి చూస్తే మామూలు చికిత్స పొందినవాళ్ళకంటె బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు ఎక్కువ గుణం కనిపించింది. అక్కడివాళ్ళు ఆ జబ్బును తమ భాషలో "అతిగా ఆలోచించడం" అంటారట. మన ఖాలాలు "సోచ్ సోచ్ కే దిమాగ్ ఖరాబ్ హువా" అనడం వేరా?

అంత దూరం కూడా పోనక్కరలేదు. మన ఆలూరు దాటితే బళ్ళారి. 1953 దాకా మనతో కలిసి ఉన్న దత్తమండలం. బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు 1985 ప్రాంతంలో ఆ జిల్లాను ఎంచుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ తర్ఫీదు ఇచ్చి, మనసు జబ్బు మందులు ఊళ్ళోనే దొరికేటట్లు చేసినారు. దాన్ని నమూనాగా పెట్టుకొని 1996 నుండి దేశమంతటా జిల్లా కార్యక్రమాలు మొదలైనాయి. పొరుగింట్లో వెలిగిన దీపం మన వాకిట్లోకి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చూడండి. 2015–16లో నిమ్హాన్స్ వాళ్ళు పన్నెండు రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మనసు జబ్బుతో ఉన్నట్లు తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రం లేదు. అట్లని మనకు జబ్బు లేదనుకోవడానికి వీల్లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉంది. దాని ప్రకారం సర్కారు నడిపే లేదా సర్కారు ఖర్చు పెట్టే ఆసుపత్రుల్లో వైద్యం పొందడం రోగి హక్కు. గొలుసుతో కట్టడం నిషేధం. ప్రాణం తీసుకోబోయి బతికినవాణ్ణి తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాడుగా చూడాలే గాని నేరస్థుడుగా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మనసు జబ్బు కూడా ఉంది. 40 శాతం, అంతకు మించి ఉన్నట్లు సర్టిఫికెట్టు వస్తే కొన్ని సౌకర్యాలకు అర్హత వస్తుంది. ఎంతమందికి తెలుసు? ఫోను కూడా ఉంది. 14416, టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మసీదు నోటీసు బోర్డు మీద, నమాజు వేళల పక్కనే రాయించవచ్చు గదా.

ఇక అసలు మాట. మన సంఘం సహాయ ఫారంలో ఏమేమి ఉన్నాయి? ఆపరేషను, కాన్పు, పిల్లల ఫీజు, పెండ్లి, కఫన్ దఫన్. మనసు జబ్బు లేదు. పోయిన ఏడు ఒక బేవా తన కొడుకును నెలనెలా కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి బస్సు ఛార్జీలు అడుగుతూ దరఖాస్తు పెట్టుకుంది. మందులు అక్కడ ఉచితమే, ఆమె అడిగింది దారి ఖర్చు. "ఇది జబ్బు కింద రాదు" అని ఆ దరఖాస్తు తిప్పి పంపినాము. పంపినారు అనడం లేదు, పంపినాము అంటున్నాము. ఆ రోజు కమిటీలో మేమూ కూర్చున్నాము, తల ఊపినాము. జింబాబ్వే కథ మేము చదివింది ఆ తరువాత. చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ తల్లి ఇప్పుడు కొడుకును తీసుకుపోవడం లేదట. ఇంట్లోనే ఉంచి, కూలికి పోయేటప్పుడు బయట గొళ్ళెం పెట్టి పోతున్నదట.

కాబట్టి కార్యవర్గం ముందర రెండు కోరికలు పెడుతున్నాము. సహాయ ఫారంలో మనసు జబ్బును చేర్చండి, రోగికీ వెంట పోయేవారికీ బస్సు ఛార్జీలు, పోయిన కూలి దానిలో కలపండి. రెండవది, శుక్రవారం అసర్ తరువాత మన ఆఫీసు వెనుక గది తెరిచి ఉంచండి. నలుగురు మనుషులు చాలు, అందులో ఇద్దరు ఆడవాళ్ళుండాలి. డాక్టరుగిరీ చేయనక్కరలేదు, తీర్పులు చెప్పనక్కరలేదు. వినాలి, ఆసుపత్రికి తోడు పోవాలి, ఫారాలు రాసిపెట్టాలి. విన్నది గది దాటి పోగూడదు. ఇది కష్టం, మన మొహల్లాలో పెదవి దాటితే పృథ్వి దాటుతుంది. బయటపడితే కూతురికి సంబంధాలు రావని భయపడే ఇల్లు గడప తొక్కదు. అందుకే మాటలు మోసేవాళ్ళు దయచేసి ముందుకు రాకండి, ఎంత మంచివాళ్ళైనా సరే.

ఖర్చు ఎక్కడిదని ఖజానాదారుగారు మా వైపు చూస్తున్నారు. ఈ ఏడు మాకు కప్పబోయే శాలువా, పూలదండ మానేసి ఆ డబ్బుతో మొదలుపెట్టండి. ఆ తల్లి ఇంటికి రేపు ఆదివారం ఉదయం మేము పోతున్నాము, తిప్పి పంపిన దరఖాస్తు మళ్ళీ రాయించడానికి. మా ఇంటామె కూడా వస్తున్నది. ఇంకెవరైనా వస్తామంటే తొమ్మిది గంటలకు మసీదు గేటు దగ్గర ఉండండి.