అర్జీకి ముందరి పని

(తిరుపతిలో నొక పఠనాలయమున యువజనుల యెదుట జరిగిన ప్రసంగ పాఠము)



2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగులిపికి లోకమంతట నొక వింత ప్రసిద్ధి కలిగినది. ‘జ్ఞా’ యను నక్షరమును, కంటికి కానరాని యొక సంకేతము నడుమ చేరిన రూపమున, ఐఫోనునకు పంపినచో, దానిని చూపబోయిన యాప్ తటాలున కూలిపోవుచుండెను. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమును పడగొట్టినదని నేనును నవ్వితిని. నవ్వు తీరిన పిమ్మట సిగ్గు కలిగెను. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ దిద్దుబాటును వెలువరించినది, నిజమే. కాని యంతవరకును ఇన్ని కోట్ల తెలుగువారిలో నొక్కడైనను చేయగలిగిన దేమి? ఎదురు చూచుటయే. మన యక్షరపు చిక్కును విప్పుటకు మనకు వీలు లేకపోయెను. ఏలయన, ఆ ప్రోగ్రాము మూలము మూసిన తలుపుల వెనుక నుండెను.

తలుపులు తెరచియుంచిన సాఫ్ట్‌వేరును గలదు. దానినే ఓపెన్ సోర్స్ అందురు. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పరులకు పంచవచ్చును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, తన యిరువదియొకటవ యేట, లినక్సును లోకము ముందుంచెను. అంత దూర మేల? ఆండ్రాయిడ్ ఫోనులలోను, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోను మన గుణింతములను, ఒత్తులను తెరపై కూర్చునది హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము. దాని మూలము నేటి రాత్రియే మీరు తెరచి చదువవచ్చును. అనుమతి యడుగ నక్కరలేదు.

ఇట్టి పనిలోనికి క్రొత్తవారిని చేయిపట్టి నడిపించుటకు కొన్ని యేర్పాటులు గలవు. వానిలో పేరెన్నికగన్నది 2005లో గూగుల్ సంస్థ యారంభించిన ‘సమ్మర్ ఆఫ్ కోడ్’. తొలియేట నందు పాల్గొన్నవారు సుమారు 400 మంది. 2022 నుండి విద్యార్థులే కానక్కరలేదు. 18 ఏండ్లు నిండి, ఈ రంగమునకు క్రొత్తవారైన చాలును. ఎన్నికైనవానికి నొక మెంటరు, అనగా పని చూపు గురుస్థానీయుడు, దొరకును. పని తృప్తికరముగా నడచినచో, దేశమునుబట్టి నిర్ణయింపబడిన ధనసహాయమును లభించును. 2006లో గ్నోమ్ సంస్థ స్త్రీలకై మొదలిడిన ప్రయత్నము తరువాత విస్తరించి ‘ఔట్‌రీచీ’ యైనది. నా సోదరీమణులు దీనిని ప్రత్యేకముగా గమనింతురు గాక.

సమ్మర్ ఆఫ్ కోడ్‌నకు అర్జీ పెట్టుటకు రుసుము లేదు. ఈ మాట గట్టిగా చెప్పుచున్నాను. పలమనేరు ప్రక్కన టమాటా పండించు తండ్రి, ధర పడిపోయిన యేటను, కొడుకు చేతికొక సర్టిఫికెట్టు వచ్చునని వేలకొలది రూపాయలు శిక్షణాలయములకు కట్టుచున్నాడు. కాగితము వచ్చుచున్నది, పని రాకున్నది. ఇచ్చట దారి వేరు. మీరు చేసిన పని అందరి కంట పడునట్లు నిలిచియుండును. అదియే మీ యోగ్యతాపత్రము.

మరి మనవారు అర్జీ పెట్టుట లేదా? పెట్టుచున్నారు. పెట్టు విధమే చెడ్డది. సంస్థల జాబితా సాధారణముగా ఫిబ్రవరిలో వెలువడును. మార్చి, ఏప్రిల్ నెలలలో గడువు ముగియును. జాబితా వచ్చువరకు నిదురించి, వచ్చిన పిమ్మట ఇరువది సంస్థలకు నొకే యుత్తరము పంపుదురు. నాకు నీతి చెప్పు నధికారము లేదు. నేనును అట్లే చేసితిని. పండ్రెండు పుటల ప్రపోజలు వ్రాసితిని, పటములు గీసితిని, ఆ ప్రోగ్రామును మాత్రము నా కంప్యూటరుపై నొక్కసారియైనను నడపి చూడలేదు. తిరస్కరించిరి. వారు చేసినది న్యాయమే.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూడుడు. బట్టను గంజి పోవునట్లు ఉదికి, కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి, ఎండలో నారవేసిన పిమ్మటగాని కలము పట్టరు. పాలు పట్టని బట్టపై గీసిన గీత అలుకుకొని పోవును. మీ ప్రపోజలు కలముతో గీయు గీత. అంతకుముందు నాలుగైదు మాసములు నడువవలసినది బట్ట పని.

ఆ పని యెట్టిది? మీరు నిత్యము వాడు ప్రోగ్రాము నొకదానిని ఎంచుకొనుడు. పేరు గొప్పదని ఎంచుకొనవలదు. దాని మూలమును దింపుకొని మీ యంత్రముపై నిర్మింపుడు. హాస్టలు గదిలో, పాత ల్యాప్‌టాప్‌పై, దీనికే వారము పట్టవచ్చును. సగముమంది ఇచ్చటనే మానివేయుదురు. మానవలదు. మీకు తగిలిన యడ్డంకి రేపటివానికిని తగులును. దానిని వివరించి సూచనల పత్రములో నొక వాక్యము చేర్చినను అది సేవయే. పిమ్మట ‘ఇష్యూ’ల పట్టికలో చిన్న తప్పు నొకదానిని తీసికొని, అది మీ యంత్రముపై మరల పుట్టునేమో చూడుడు. పుట్టినచో కారణము వెదకి, సవరించి, టెస్టు వ్రాసి, పుల్ రిక్వెస్టు పంపుడు.

అది తిరిగి వచ్చును. ఇచ్చట ఖాళీ యెక్కువ, అచ్చట పేరు బాగులేదు, ఈ టెస్టు చాలదని పదిమంది చూచుచుండగా వ్రాయుదురు. మన విద్యాలయములలో పదిమంది యెదుట తప్పు పట్టుట యన్న అవమానించుటయే; కావున మన పిల్లలకు ముఖము చెల్లదు, మరల నటు పోరు. ఈ బెదురు మనకు పూర్వము లేదు. కడపలో సి.పి. బ్రౌను పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులను ప్రక్కప్రక్కన నుంచి, పాఠములు పోల్పించెను. మన తిరుపతిలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తాళ్ళపాక వారి రాగిరేకులతో అట్లే కుస్తీ పట్టిరి. ఈ ప్రతిలో నిది తప్పన్నచో లేఖకుని వంశమును తిట్టినట్లు కాదు. కోడును పరిశీలించువాడును పాఠపరిష్కర్తయే.

అడుగు తీరును నేర్వవలెను. “సార్, నేను క్రొత్తవాడను, దారి చూపుడు” అని మెంటరుకు రహస్యముగా వ్రాయువారు వేనవేలు. అతడు పెక్కుమార్లు తన యుద్యోగము ముగించుకొని రాత్రివేళ ఉచితముగా పని చేయువాడు. అందరు చూచు చర్చావేదికలోనే యడుగుడు: నేను చేసినది ఇది, వచ్చిన దోషవాక్యము ఇది, వెదకిన చోటు లివి. తెలుగు మాధ్యమమున చదివితి నని జంకవలదు. చిన్న చిన్న యింగ్లీషు వాక్యములు చాలును. యంత్రముచే వ్రాయించిన నున్నని ప్రపోజలు కంటె మీ ముతక వాక్యమే నయము. ఆ నున్నదనమును మెంటర్లు ఇప్పుడు మొదటి పేరాలోనే పసిగట్టుచున్నారు.

ఇట్లు పని చేసినవానికి ప్రపోజలు వ్రాయుట కష్టము కాదు. ఏ లోపమును తీర్తువు, ఏ ఫైళ్ళను తాకుదువు, ఏ వారమున నేమి ముగింతువు, ఆలస్యమైనచో దేనిని విడుతువు - ఇంతే. మూడు వరకు పంపవచ్చునందురు. ఒకటి చక్కగా పంపుడు. గడువునకు ముందే చిత్తుప్రతిని మెంటరుకు చూపుడు. కాలమును గూర్చి నిజము చెప్పుడు. పేరు ‘సమ్మర్’ ఐనను అది అమెరికావారి వేసవి. పని మే నెల చివరనో జూన్ మొదటనో ఆరంభమగును. అప్పటికి మన మామిడికాయలు పండి, గుజ్జు ఫ్యాక్టరీలకు బండ్లు సాగును, కాలేజీలు తెరచు వేళయు దగ్గరపడును. పరీక్షలు, తరగతులు ఎప్పుడున్నవో దాచక వ్రాయుడు. 350 గంటల పని మోయలేనిచో, చిన్న పనులును గలవు.

ఎన్నిక కాకపోయినచో? చేసిన సవరణలు ఆ ప్రోగ్రాములోనే యుండును. మరుసటి యేట మీ పేరు వారికి క్రొత్త కాదు. నా రెండవ ప్రయత్నము ఫలించినది అట్లే.

వచ్చు ఆదివారము ఉదయము 9 గంటలకు ఈ పఠనాలయముననే కూడుదము. ల్యాప్‌టాప్ గలవారు తెండు. లేనివారు గలవారి ప్రక్కన కూర్చుండుడు. హార్ఫ్‌బజ్ మూలమును దింపుకొని, నిర్మించి, తెలుగు సంయుక్తాక్షరములను వరుసగా నిచ్చి చూతము. ఏదైన వంకరగా కనబడినచో, భోజనమునకు లేచుటకు ముందే దానిని గూర్చి నివేదిక వ్రాయుదము. మొదట ‘జ్ఞా’తోనే ఆరంభింతము.