గడువెఱుగని ఒంటరితనము
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి ప్రబలినప్పుడు, మన గోదావరి జిల్లాలనుండి హైదరాబాదు, విశాఖపట్టణములకు చదువులకై పోయిన బిడ్డలు వసతిగృహములు మూతపడి ఇండ్లకు మరలవలసి వచ్చెను. మార్చి 25వ తేదీన హైదరాబాదునుండి బయలుదేరినవారు గుంపులుగా గరికపాడు సరిహద్దుకడ నిలిచిపోయిరి. ఎట్టకేలకు ఇల్లు చేరినవారిని జూచి పెద్దలు కొందఱు, "అమ్మచేతి వంట, అరుగుమీద గాలి, వీరికి దిగులేమి?" అనిరి. అది తొందరపాటు మాట.

పద్దులు వ్రాయువాడను గనుక నా చూపు ముందుగా తేదీలమీదికే పోవును. లాక్‌డౌను మొదట 21 దినములన్నారు. పిమ్మట 19, ఆపై 14, మరల 14. వెరసి 68 దినములు. అప్పటికిని కళాశాలలు తెఱవలేదు. ఆఖరి సంవత్సరపు పరీక్షలు జరుగునా, మానునా? పరీక్ష లేనిదే పట్టా లేదని సుప్రీంకోర్టు ఆగస్టు 28వ తేదీన తీర్పు చెప్పువఱకు ఆ సంగతి తేలలేదు. అన్ని నెలలు ఆ విద్యార్థి పుస్తకము మూయలేడు, తెఱచి చదువనులేడు. చేతి ఫోనులో పాఠము సగము వినవచ్చును, సగము తెగిపోవును. మరణవార్తలు మాత్రము తెగకుండ వచ్చుచుండెను. నిద్ర పట్టదు, అన్నము సయింపదు, గుండె దడదడలాడును, చిన్నమాటకు కసరును. దీనిని మనవారు పొగరనిరి. వైద్యులు ఆందోళన యందురు.

పాండవులకు అరణ్యవాసము పండ్రెండేండ్లు, అజ్ఞాతవాసము ఒక యేడు. కష్టము పెద్దదే, కాని దానికి లెక్క గలదు. అశోకవనమున సీతకో, రావణుడు పెట్టిన గడువే తెలియును. రాముడు వచ్చు దినము తెలియదు. ఆమె ప్రాణము విడువనెంచిన వేళ హనుమంతుడు చేసినదేమి? చెట్టుకొమ్మలలో దాగి మెల్లగా రామకథ చెప్పెను. ముందు తనవారి కబురు వినిపించెను, ఓదార్పు తరువాత.

మన బిడ్డలకు కొఱవడినది అదియే. ఇంట నలుగురుండగా ఒంటరితనమేమని అడుగువారు కలరు. వాని బాధ యెఱిగినవారు తోడి విద్యార్థులు. వారిలో నొకడు అమలాపురమున, నొకడు భీమవరమున, నొకడు నరసాపురమున!

ఆ యేడు గడచినది. ఫలితములకై, ఉద్యోగములకై గడువెఱుగక వేచియుండు పిల్లలు ఇప్పటికిని ప్రతి వీథిలో నున్నారు. కేంద్రప్రభుత్వమువారు 2022 అక్టోబరు 10వ తేదీన నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 నంబరున ఫోనుచేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును. ఆ నంబరును మన పత్రికలబల్ల ఎదుటి గోడపై వ్రాయింపుడని కార్యవర్గమును కోరుచున్నాను. మఱియొక కోరిక: సాయంకాలములందు వెనుకగదిని విద్యార్థులకై విడువుడు. నాతోసహా పెద్దలెవ్వరును అందు అడుగిడరాదు.