ఇంటి అమ్మకములు – ఆదాయపు పన్ను
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సాంస్కృతిక సంఘమువారి సభలో పన్నుల ప్రసంగమేమని కొందరికి తోచియుండవచ్చును. హరికథ ముగిసిన వెంటనే పద్దు పుస్తకము విప్పినట్లుండును. కాని కార్యదర్శిగారు నన్ను పిలిచినపుడు చెప్పిన కారణము నాకు సబబుగా తోచినది. మన సభ్యుల యిండ్లలో ఇపుడు చాలచోట్ల ఆన్‌లైన్ అమ్మకములు సాగుచున్నవి. మంగళగిరి చీరలు, ఉప్పాడ చీరలు, ఇచటి చాంపా కోసా పట్టు, పిల్లల దుస్తులు, ఆవకాయ జాడీలు – ఏదియైనను ఫోనులో బొమ్మ పెట్టుదురు. సరుకు కొరియరులో పోవును. పైకము బ్యాంకులో పడును. ఆ పైకమును ఎవరి ఆదాయముగా చూపవలెను, చూపనిచో నేమగును, ఉద్యోగియైన భర్తకు దానితో నేమి సంబంధము అను సందేహములు గడప లోపలనే నలుగుచున్నవి. లెక్కల శాఖలో తల నెరసినవాడను గనుక వానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుదును.

ఇంటి నుండి అమ్ముట మనకు క్రొత్త కాదు. విజయనగరము – రాయపూర్ రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఆ దారిని ఉత్తరాంధ్రమునుండి వచ్చి ఇచట స్థిరపడిన కుటుంబములు మనలో పెక్కు గలవు. వేసవికి పుట్టింటికి పోయిన తల్లులు తిరిగి వచ్చునపుడు ట్రంకు పెట్టె అడుగున నాలుగు చీరలు అదనముగా తెచ్చి, ఇరుగుపొరుగువారికి వాయిదాలపై ఇచ్చుట కాలనీలలో మామూలే. ఆ బేరమునకు సాక్ష్యము ఒక చిన్న నోటుపుస్తకము, ఆ తల్లి జ్ఞాపకశక్తి. సర్కారువారికి దాని జాడ తెలియు మార్గము లేదు. తెలిసికొనవలసినంత లాభమును దానిలో లేదు.

చట్టము మాత్రము ఆనాడును ఇదే చెప్పినది. 1860లో జేమ్స్ విల్సన్ ఈ దేశమున ఆదాయపు పన్ను ప్రవేశపెట్టిన నాటినుండి వ్యాపారమున వచ్చిన లాభము ఆదాయమే. 1922 చట్టము, 1961 చట్టము, 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు నిర్ణయించి 2025లో చేసిన నూతన చట్టము – ఏదియు ఆ సూత్రమును మార్చలేదు. మారినదేమనగా, పూర్వపు చట్టమునకు కన్ను లేదు. నేటి చట్టమునకు కన్నున్నది. అయితే ఆ కన్ను ఒక ప్రక్కనే చూచును. వచ్చిన పైకము దానికి అణాపైసలతో కనబడును. పోయిన ఖర్చు కనబడదు. ఈ సంగతి మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఆ కన్ను ఎట్లు ఏర్పడినదో చెప్పెదను. 2018 అక్టోబరు 1 నుండి జి.ఎస్.టి. చట్టము క్రింద, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వేదికలవారు తమ ద్వారా అమ్ముకొను వర్తకుల పైకమునుండి నూటికి ఒక రూపాయి చొప్పున పట్టి ప్రభుత్వమునకు జమకట్టవలసి వచ్చినది. 2024 జూలైలో దానిని అర్ధరూపాయికి తగ్గించిరి. ఎవరు ఎంత అమ్మినదియు వేదికవారు నెలనెల వివరము దాఖలు చేయుదురు. ఇది ఇట్లుండగా 2020 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్నులోను అట్టి కోత వచ్చినది. 1961 చట్టములో దానికి 194–ఓ అని సంఖ్య. మొదట నూటికి ఒక రూపాయి. 2024 అక్టోబరు 1 నుండి వేయికి ఒక రూపాయి. 2021 నవంబరులో ఆదాయపు పన్ను శాఖవారు వార్షిక సమాచార పత్రమును ఆరంభించిరి. ప్యాను సంఖ్య గల ప్రతివారి పేర వడ్డీలు, వాటాల క్రయవిక్రయములు, జి.ఎస్.టి. అమ్మకములు, కోతపడిన పన్ను అన్నియు దానిలో ఒకచోట చేరును. మన రిటర్ను మనము వ్రాయకముందే శాఖవారి వద్ద సగము వ్రాసియున్నదనుకొనుడు.

ఇచట ఒక అపోహ బాగుగా పాకియున్నది. "అయిదు లక్షలలోపు అమ్మినచో పన్ను లేదట" అని చెప్పుకొందురు. 194–ఓ నియమములో ఉన్నది వేరు. వ్యక్తి ఒక వేదిక ద్వారా సంవత్సరమునకు అయిదు లక్షల రూపాయలకు మించక అమ్మి, ప్యాను గాని ఆధార్ గాని ఇచ్చియున్నచో, వేదికవారు కోత పెట్టనక్కరలేదు. అంతే. కోత లేకపోవుట వేరు, పన్ను లేకపోవుట వేరు. ఈ తేడా తెలియక కొందరు అత్తగారి పేర కొంత, కుమారుని పేర కొంత అమ్మకములు పంచి పెట్టుచున్నారని వినుచున్నాను. అత్తగారికి ఫోను తెరచుటయే రాదు. ఆమె పేర మూడు లక్షల చీరలు! అడిగినవారికి ఆమె ఏమి చెప్పగలదు?

వాట్సాప్ బృందములలో అమ్ముకొనువారి సంగతి మరియొకటి. వారికి మధ్యవర్తి వేదిక లేదు గనుక కోత లేదు. పైకము యు.పి.ఐ. ద్వారా నేరుగా స్వంత ఖాతాలో పడును. అంతమాత్రమున అది ఆదాయము కాకపోదు. ఇంటిలోని పాత సైకిలును, పిల్లలు వాడి విడిచిన బల్లను అమ్ముకొన్నచో అది వ్యాపారము కాదు, దానికి భయపడనక్కరలేదు. తిరిగి అమ్మవలెనని సరుకు కొనితెచ్చిన నాడు వ్యాపారము మొదలైనది.

ఇక ఆ కన్నునకు కనబడని ప్రక్కను చూతము. ఒక గృహిణి ఏడాదిలో తొమ్మిది లక్షల రూపాయల చీరలు అమ్మినదనుకొందము. అందు లక్ష రూపాయల సరుకు తిరిగి వచ్చినది – రంగు నచ్చలేదనియో, పైకము ఇచ్చు వేళకు ఇంటిలో ఎవరును లేరనియో. మిగిలినది ఎనిమిది లక్షలు. కొనుగోలు ధర ఆరు లక్షలు. వేదికవారి కమిషను, కట్టుబడి, కొరియరు కలిసి ఒక లక్షా పదివేలు. తిరిగి వచ్చిన సరుకుపై నష్టము ఇరువది వేలు. చేతికి మిగిలినది డెబ్బది వేలు. పుట్టలో తొమ్మిది లక్షలు, పెట్టెలో డెబ్బది వేలు! ఆమెకు వేరు ఆదాయము లేనిచో పన్నే లేదు; 2025–26 సంవత్సరమునకు క్రొత్త పద్ధతిలో నాలుగు లక్షల వరకు ఆదాయము మినహాయింపులోనిది. పైగా వేదికవారు కోసిన తొమ్మిది వందల రూపాయలు ఆమెకు తిరిగి రావలెను. రిటర్ను వేసిననే అవి వచ్చును. వేయనిచో ఆ తొమ్మిది వందలు పోవుటయే గాక, శాఖవారి పత్రములో తొమ్మిది లక్షల అంకె సమాధానము లేక నిలిచిపోవును. పన్ను లేనిచోట నేరస్థురాలివలె నిలువవలసి వచ్చుట కంటె నగుబాటేమున్నది?

వచ్చిన పైకమునే వ్యాపారముగా, వ్యాపారమునే పన్నుగా చదివినచో ఏమి జరుగునో 2025 జూలైలో కర్ణాటకములో చూచితిమి. అది ఆన్‌లైన్ అమ్మకముల సంగతి కాదు, వీధి కొట్ల సంగతి. ఆదాయపు పన్ను కాదు, జి.ఎస్.టి. అయినను పాఠము ఒక్కటే. ఆ రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖవారు 2021–22 నుండి యు.పి.ఐ. జమలను చూచి, నమోదు లేని వేలాది చిన్న వర్తకులకు నోటీసులు పంపిరి. హావేరిలో ఒక కూరగాయల వర్తకునకు నాలుగేండ్ల జమలు 1.63 కోట్లనియు, పన్ను దాదాపు 29 లక్షలనియు వచ్చినది. తాజా కూరగాయలపై జి.ఎస్.టి. లేనే లేదు! బెంగుళూరులో కొట్లవారు యు.పి.ఐ. ఫలకములను తీసి 'నగదు మాత్రమే' అని వ్రాసిపెట్టుకొనిరి. జూలై 25న బందు చేయుదుమనిరి. 23వ తేదీన ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు వారి ప్రతినిధులతో మాటలాడి, పాత బకాయిలు వసూలు చేయమనియు, నమోదు మాత్రము తప్పదనియు చెప్పవలసివచ్చినది.

నా అభిప్రాయమడిగినచో, చిన్నవానికి మొదటి ఉత్తరము డిమాండు నోటీసు కారాదు; ప్రశ్న కావలెను. కాని ఎదుటి పక్షమును కూడ వినవలెను. మన పండరీ బట్టల బజారులో అద్దె కట్టి, గుమాస్తాకు జీతమిచ్చి, బిల్లు వ్రాసి పన్ను కట్టు వర్తకుడున్నాడు. అదే చీరను ఇంటినుండి ఏ లెక్కయు లేక సంవత్సరమునకు అరువది లక్షలకు అమ్మువాడు ఆయనతో పోటీకి వచ్చినపుడు, 'చిన్నవాడు, విడువుడు' అనుట న్యాయము కాదు. మన సానుభూతికిని లెక్క ఉండవలెను.

జి.ఎస్.టి. విషయమున ఒక్క మాట చెప్పి ముందునకు పోయెదను. ఛత్తీస్‌గఢ్‌లోపలనే సరుకు అమ్మువారికి సంవత్సరమునకు నలువది లక్షల వరకు నమోదు అక్కరలేదని 2019లో నిర్ణయించిరి. ఆంధ్రప్రదేశ్‌లోను అంతే, తెలంగాణములో ఇరువది లక్షలే. వేదికల ద్వారా అమ్మువారికి ఈ సౌకర్యము 2023 అక్టోబరు 1 నుండి కలిగినది. కాని రాయపూర్ నుండి విజయవాడకు చీర పంపినచో అది రాష్ట్రము దాటినది. కొన్ని హస్తకళా వస్తువులకు మినహాయింపున్నను, సాధారణముగా మొదటి చీరకే నమోదు కావలెను. మన అమ్మకములలో బంధుమిత్రులు ఎచట నున్నారో ఆలోచించుకొనుడు!

ఇపుడు ఉద్యోగులకు ముఖ్యమైన మాట. కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమములు 1964 నాటివి. రైల్వేవారివి 1966 నాటివి. రెండింటను 15వ నియమము వ్యాపారమును గూర్చినదే. ముందుగా అనుమతి లేక ఉద్యోగి ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని వ్యాపారము చేయరాదు. కుటుంబ సభ్యులు వ్యాపారము చేయుట నిషిద్ధము కాదు. కాని వారు చేయుచున్నచో ఆ సంగతి ఉద్యోగి ప్రభుత్వమునకు తెలియజేయవలెను. ఒక కాగితము, నాలుగు పంక్తులు. దానికి సిగ్గుపడుట నాకర్థము కాదు. భార్య ఉద్యోగియై భర్త వర్తకుడైనను ఇదే నియమము. అయితే వేదికపై ఖాతా భార్య పేర నుండి, మధ్యాహ్నము ఆఫీసు బల్లమీద కూర్చుండి ఆర్డర్లు చూచునది భర్త యైనచో, అది ఎవరి వ్యాపారమో మీరే చెప్పుడు.

పెట్టుబడి విషయమున ఇంకొక చిక్కు కలదు. దీనిని చాలమంది ఎరుగరు. భర్త తన జీతమునుండియో, భవిష్యనిధి అడ్వాన్సునుండియో లక్ష రూపాయలు భార్యకు ఊరక ఇచ్చి, ఆమె దానితో సరుకు కొన్నదనుకొందము. ఆ పెట్టుబడి పాలునకు తగిన లాభమును భర్త ఆదాయములో కలుపవలెనని చట్టము. ఆమె తన స్త్రీధనముతో, తన పొదుపుతో మొదలుపెట్టినచో ఆ చిక్కు లేదు. నిజముగా అప్పుగా ఇచ్చి, తిరిగి పుచ్చుకొన్నచో లేదు. కనుక మొదటి రూపాయి ఎచటనుండి వచ్చినదో పుస్తకము మొదటి పుటలోనే వ్రాసియుంచవలెను.

విదేశములలోని మన పిల్లలకును ఇదే మాట వర్తించును. ఐరోపా సమాఖ్యలో 2023 నుండి, బ్రిటనులో 2024 నుండి వేదికలవారు అమ్మకందారుల వివరములను పన్ను శాఖకు పంపవలెను. అమెరికాలో 600 డాలర్ల పైబడిన జమలన్నియు తెలుపవలెనని 2021లో చట్టము చేసి, అమలు చేయలేక వాయిదాలు వేసి, 2025లో తిరిగి 20,000 డాలర్లు, 200 లావాదేవీలు అను పాత హద్దునకే పోయిరి. అంత పెద్ద దేశమునకును చిన్నవానిని పెద్దవానినుండి వేరుచేయుట కష్టమే యైనది.

లెక్క వ్రాయుట బ్రహ్మవిద్య కాదు. తేదీ, కొన్న ధర, అమ్మిన ధర, కమిషను, కొరియరు, తిరిగి వచ్చినది – ఈ గడులు గల పుస్తకమొకటి చాలును. వ్యాపారమునకు వేరు బ్యాంకు ఖాతా ఉండవలెను. పుట్టినరోజు కానుకలును, చీరల పైకమును ఒకే ఖాతాలో కలిసినచో విడదీయుట ఎవరి తరము కాదు. చిన్న వర్తకులకు అంచనా పద్ధతి ఒకటి కలదు. బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకములపై నూటికి ఆరు రూపాయలు లాభముగా చూపవచ్చును. మన గృహిణికి ఎనిమిది లక్షలపై అది నలువది ఎనిమిది వేలగును. కాని ఆమెకు మిగిలినది డెబ్బది వేలని ఆమెకే తెలియును గనుక డెబ్బది వేలే చూపవలెను. ఇతరుల సరుకును కమిషనుపై అమ్మిపెట్టువారికి ఈ పద్ధతి చెల్లదు.

వెనుకటి సంవత్సరములలో చూపనివారు దిగులుపడనక్కరలేదు. సవరించిన రిటర్ను దాఖలు చేయు సౌకర్యమును 2022లో రెండేండ్లకు కల్పించిరి. 2025లో నాలుగేండ్లకు పెంచిరి. ఆలస్యమును బట్టి పన్ను, వడ్డీలపై నూటికి ఇరువది అయిదు మొదలు డెబ్బది వరకు అదనముగా కట్టవలసియుండును. తప్పు లెక్క చూపి పట్టుబడినచో 1961 చట్టమున జరిమానా పన్నునకు రెట్టింపు వరకు ఉండెడిది. ఏది చౌకయో మీరే లెక్కించుకొనుడు.

కడపట ఒక హెచ్చరిక. పన్ను నోటీసని ఫోనునకు ఏ సందేశము వచ్చినను వెంటనే పైకము పంపవలదు. 2019 అక్టోబరు 1 నుండి శాఖవారి ప్రతి ఉత్తరముపై గుర్తింపు సంఖ్య యుండవలెను. అది నిజమైనదో కాదో శాఖవారి పోర్టల్‌లో చూచుకొనవచ్చును. సమాచార పత్రములో అంకె తప్పైనచో అచటనే అభ్యంతరము వ్రాయవచ్చును. ఇపుడు మన దస్త్రము ఏ ఊరిలోని అధికారి చూచునో మనకు తెలియదు; ఎదుట నిలిచి చెప్పుకొను అవకాశము తక్కువ. కనుక జవాబుతోపాటు ఆ పద్దు పుస్తకపు నకలు కూడ పంపవలెను.

భోజనములకింకను అరగంట వ్యవధి యున్నదని కార్యదర్శిగారు సైగ చేయుచున్నారు. పుస్తకములు తెచ్చుకొన్న సోదరీమణులు ముందు వరుసకు వచ్చినచో కూర్చుండి చూచెదను.