పిత్తాశయమందలి రాళ్లను వైద్యు లెట్లు కనిపెట్టుదురు?



మన సత్తెనపల్లి సీమలో కడుపునొప్పి పుట్టగానే కొందరు మిరపకారమును నిందింతురు. కొందరు "గ్యాసు" అని సోడా త్రాగి పరుందురు. విందారగించిన రాత్రి కుడిడొక్కలో బయలుదేరి, వీపునకో కుడిభుజమునకో ప్రాకి, గంటలకొలది విడువని నొప్పి వేరు. కాలేయము క్రింద నుండు పిత్తాశయము, నేతివంటకములు తిన్నప్పుడు ముడుచుకొని పైత్యరసమును ప్రేగులోనికి పంపును. దాని ద్వారమునకు రాయి యడ్డుపడినచో నీ బాధ కలుగును.

సుశ్రుతమునందలి "పిత్తాశ్మరి" యిదియే యని కొందరందురు. అది సరికాదు. సుశ్రుతుడు చెప్పిన నాలుగు అశ్మరులును మూత్రాశయమునకు సంబంధించినవే. వానిలో పిత్తదోషముచే కలుగుదాని కా పేరు. పేరునుబట్టి మందు మ్రింగువారు గమనింతురు గాక!

వైద్యుడు మొదట ప్రశ్నించును. పిదప కుడి ప్రక్కటెముకల క్రింద వ్రేళ్లదిమి ఊపిరి పీల్చుమనును. పీల్చుచు రోగి నొప్పిచే చటుక్కున నాపినచో పిత్తాశయము వాచినదని యనుమానించును. ఈ పరీక్షకు అమెరికా శస్త్రవైద్యుడగు మర్ఫీ పేరు నిలిచినది. గుండెపోటును ఒక్కొక్కప్పుడు పైకడుపు నొప్పిగా తోచును, కావున ఇ.సి.జి. తీయింపుమన్న విసుగుకొనరాదు.

సాధారణమగు ఎక్స్‌రేలో ఈ రాళ్లు చాలవరకు కనబడవు. 1924లో గ్రేహము, కోలు అను అమెరికా వైద్యులు రక్తములోనికి మందెక్కించి పిత్తాశయమును ఎక్స్‌రేలో చూపగలిగిరి. నేడు అల్ట్రాసౌండు స్కానింగు ఆ శ్రమను తప్పించినది. శబ్దతరంగములు తాకినపుడు రాయి తెల్లగా మెరయును, దాని వెనుక నల్లని నీడ పడును. రోగి ప్రక్కకు తిరిగినచో సాధారణముగా రాయియు దొర్లును. పరీక్షకు ముందు ఆరెనిమిది గంటలు భోజనము మానుమనుట యూరక కాదు: తిన్నచో పిత్తాశయము ముడుచుకొనిపోవును.

అయినను పిత్తనాళములోనికి జారిన రాయి స్కానింగునకు తరచుగా చిక్కదు. అప్పుడు రక్తములో బిలిరుబిను మొదలగువానిని కొలిచి, అవసరమైన ఎం.ఆర్.సి.పి. యను పరీక్ష చేయింతురు. కన్నులు పచ్చబడిన వెంటనే పసరు పోయించుటకు పరుగెత్తు నలవాటు మనలో నింకను పోలేదు. నొప్పితో, చలిజ్వరముతో కామెర్లు వచ్చినచో నాళము మూసికొని చీము పట్టుచుండవచ్చును. అట్టి రోగిని పసరుమందు గుణమిచ్చునని రెండుదినములు ఇంట నుంచుట ప్రాణాపాయము. ఆనాడే గుంటూరు పెద్దాసుపత్రి వంటి చోటికి చేర్పవలెను.

వేరొక కారణమున స్కానింగు చేయగా రాయి బయటపడి, నొప్పి యెన్నడును లేనివారు మాత్రము తొందరపడి కోతకు సిద్ధపడనక్కరలేదు. వారిలో పెక్కుమందికి శస్త్రచికిత్స యవసరముండదు. ఆ కాగితమును భద్రపరచి, తమ విషయమున నేది మేలో వైద్యుని విచారింపవలెను.