ఆటయు కళయే, దానికిని విమర్శ వలయును
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయపు పండుగలో ఆటలను గూర్చి ఉపన్యాసమేమని సభలో కొందరికి తోచవచ్చును. పుస్తకము విద్య, ఆట విద్యకు విరోధి యను లెక్క తెలుగు ఇండ్లలో చిరకాలముగా సాగుచున్నది. పిల్లవాడు సెల్‌ఫోను చేతబట్టి మూల కూర్చుండినచో తల్లిదండ్రులకు దిగులు, తాతలకు కోపము. ఆ దిగులు నిరాధారము కాదు; దాని మాట ముందు రాగలదు. అయినను, ఆటను తేలికగా త్రోసివేయు అధికారము తక్కిన సీమలవారికి ఉన్నదేమో కాని పల్నాటివారికి లేదు. ఈ సీమ చరిత్రయే యొక ఆటమీద తిరిగినది.

పండ్రెండవ శతాబ్దపు చివరిభాగమున గురజాలలో నలగామరాజును, మాచెర్లలో మలిదేవాదులును పాలించుచుండగా, నాయకురాలు నాగమ్మకును బ్రహ్మనాయనికిని నడుమ కోడిపోరు జరిగినట్లు పల్నాటి వీరగాథ చెప్పుచున్నది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనని పందెము. బ్రహ్మనాయని పక్షము ఓడినది, మలిదేవాదులు వలసపోయిరి. గడువు తీరినపిదప రాజ్యభాగము నడుగ వచ్చిన అలరాజు హతుడయ్యెను. తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడి రణరంగమై ఉభయపక్షముల వీరులును నేలకొరగిరి. ఏటేట కార్తికమాసమున కారెంపూడిలో జరుగు వీరుల ఉత్సవమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు దినములకు పేర్లు. రాయబారమునకొక దినమున్నట్లే ఆటకును ఒక దినమున్నది.

ఆ కథలోనే మఱియొక ఆటయు కలదు. బాలచంద్రుడు తోడివారితో బొంగరములాడుచుండగా బొంగరమొకటి పోయి ఒక కోమటి పడుచు కాలికి గ్రుచ్చుకొన్నది. పెద్దలు యుద్ధభూమిలో నుండగా ఇచట ఆటలాడుచున్నాడని ఆమె యెత్తిపొడిచినది. ఆ మాటయే బాలుని కదనమునకు నడిపినది. శ్రీనాథుని పేర వెలసిన ద్విపదలోను, వీరవిద్యావంతుల పాటలోను ఈ రెండు ఆటలును అలంకారములుగా రాలేదు. కథను మలుపు త్రిప్పుటకే వచ్చినవి. ఆట మనుష్యుల స్వభావమును బయటపెట్టునని ఆ కవులెఱుగుదురు.

ఆటను గూర్చి మాటలాడుట రెండు విధములు. కుక్కుటశాస్త్రము ఒక విధమునకు ఉదాహరణము. ఏ దినమున ఏ రంగు కోడి గెలుచును, కాకియా, డేగయా, నెమలియా, పింగళయా, ఏ దిక్కునుండి బరిలోనికి దింపవలెను అని అది చెప్పును. అది పందెగాని శాస్త్రము. గెలుపొక్కటే దాని ప్రశ్న. వీరగాథ మాటలాడు విధము వేఱు. ఈ ఆటకు ఒప్పుకొనినవాడెవడు, ఎందులకు ఒప్పుకొనెను, నియమము న్యాయమైనదా, పందెము ఆటను మించిపోయినదా అని అది అడుగును. మొదటిది జోస్యము, రెండవది విమర్శ. నేటి ఆటలకు కావలసినది ఆ రెండవది.

ఆట యేమి చెప్పగలదని సందేహించువారు పులిజూదమును తలచుకొనవలెను. రచ్చబండ రాతిమీద గీతలు గీచి మూడు పులులతో, పదునైదు మేకలతో ఆడుదురు. పులి మేకమీదుగా దూకి చంపును. మేకకు చంపు శక్తి లేదు. కాని ఒంటరి మేక వెనుకయింట మఱియొక మేక నిలిచినచో పులికి దూకుటకు చోటుండదు. అన్నియు కూడి నిలిచినచో పులికి కదలికయే యుండదు. బలహీనులు కలసి నిలిచి బలవంతుని కట్టివేయుదురను నీతిని ఆ పటముమీద ఎవరును వ్రాయలేదు. ఆడినవాని వ్రేళ్ళకే అది తెలియును. కవి మాటతో చెప్పుదానిని, చిత్రకారుడు రంగుతో చెప్పుదానిని, ఆట నియమముతో చెప్పును.

వైకుంఠపాళి దీనికి భిన్నము. అందు సద్గుణములు నిచ్చెనలు, దుర్గుణములు పాములు. నీతి యంతయు పటముమీదనే వ్రాయబడియున్నది. కాని ఆటగానికి ఎన్నుకొనుటకేమియు లేదు. గవ్వలు పడినట్లు పోవలసినదే. పుణ్యము చేసినవాడు పైకి పోవునని పటము చెప్పుచుండగా, పైకి పంపునది గవ్వయే యని నియమము చెప్పుచున్నది. ఇది లోపమని ఒకరందురు. పూర్వకర్మమును, దైవానుగ్రహమును చూపుటకే అట్లు చేసిరని మఱియొకరందురు. ఇట్టి వాదము పుట్టించు వస్తువును పిల్లచేష్ట యనుట ఎట్లు?

ఇక వీడియో ఆటల సంగతి. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కొందరు యువకులు కంప్యూటరుమీద రెండు అంతరిక్ష నౌకల పోరాటమును ఆడిరి. 1972లో ‘పాంగ్’ అను బంతియాట వ్యాపారముగా విజయము పొందినది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ ‘టెట్రిస్’ను కల్పించెను. అందు కథ లేదు, పాత్రలు లేవు. పైనుండి ఇటుకలవంటి ముక్కలు పడుచుండును. వానిని వరుసగా సర్దవలెను. చక్కగా సర్దిన వరుస మాయమగును. తప్పుగా పెట్టినది మాత్రము కన్నుల యెదుట పేరుకొనుచుండును. ఇల్లు నడుపు ఏ గృహిణికైనను, లెక్కలు వ్రాయు ఏ గుమాస్తాకైనను దీని భావము వివరింపనక్కఱలేదు.

ఇట్టివి కళలగునా యని పాశ్చాత్యదేశములలో పెద్ద వివాదము నడచినది. షికాగో నగరపు ప్రసిద్ధ చలనచిత్ర విమర్శకుడు రోజర్ ఈబర్ట్ 2010లో వీడియో ఆటలు ఎన్నడును కళ కాజాలవని వ్రాసెను. కళలో కర్త నడిపినట్లు రసికుడు నడచును. ఆటలో గెలుచుట యున్నది, ఆడువాని యిచ్ఛ యున్నది. కావున అది కళ కాదని ఆయన వాదము. కొన్ని నెలలకే, ఆడి చూడకుండ ఆ మాట యెత్తుట తన పొరపాటని ఆయన ఒప్పుకొనెను. అభిప్రాయమును మాత్రము విడువలేదు. 2011లో అమెరికా సుప్రీము కోర్టు వీడియో ఆటలకు పుస్తకములకును నాటకములకును గల భావప్రకటన స్వేచ్ఛయే కలదని తీర్పు చెప్పినది. 2012లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల టెట్రిస్ మొదలగు పదునాలుగు ఆటలను తన సంపుటిలో చేర్చుకొనినది.

ఈబర్ట్ వాదమునకు సమాధానము తెలుగువారి చేతిలోనే యున్నది, అది అవధానము. పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకరు అక్షరమును నిషేధింతురు, ఒకరు చిక్కు సమస్య నిత్తురు, ఒకరు నాలుగు పదములిచ్చి పద్యములో ఇముడ్చుమందురు, ఒకరు అప్రస్తుత ప్రసంగముతో మనస్సును చెదరగొట్టుదురు. కొన్ని అవధానములలో చదరంగమును కూడ ఆడింతురు. నియమమున్నది, ఆటంకమున్నది, గెలుపోటములున్నవి. ఇది ఆట కాదనగలవారెవరు? తిరుపతి వేంకట కవులు ఊరూర ఆడి చూపిన ఈ ఆటయందు కవిత్వము పుట్టలేదనగలవారెవరు? కవిత్వమెంత, విద్యాప్రదర్శనమెంత యని పండితులు వాదించుకొనిరి. ఆ వాదమే దాని గౌరవమునకు గుర్తు. అట్లే కృతిని రచించినది త్యాగయ్యయైనను పాడువాడు తన మనోధర్మముతో పెంచును. పాడువాని యిచ్ఛ కృతిని కళ కాకుండ చేయలేదు గదా.

అయితే ఒక కళ పెద్దదగుటకు కళాకారులు మాత్రము చాలరు. కాకతీయ గణపతిదేవుని సేనాని జాయపుడు పదమూడవ శతాబ్దమున ‘నృత్తరత్నావళి’ వ్రాసి, మార్గనృత్యముతోపాటు దేశినృత్తములకును లక్షణము చెప్పెను. ఊరివారి ఆటపాటలు శాస్త్రమునకు తగునని ఏనుగులను నడపిన సేనాని యొకడు గుర్తించెను. పల్నాటి గుత్తికొండకు చెందిన అక్కిరాజు ఉమాకాంతమును ఇచట స్మరింపవలెను. 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి ప్రకటించినదియు ఆయనయే. 1928లో ‘నేటికాలపు కవిత్వము’ అను కఠిన విమర్శను వెలువరించినదియు ఆయనయే. ఆయన తీర్పులతో అందఱును ఏకీభవింపలేదు. అయినను కవులను ముఖస్తుతితో పెంచరాదని, కారణము చూపి ఖండింపవలెనని ఆ గ్రంథము తెలుగువారికి నేర్పినది.

వీడియో ఆటల పత్రికలకు ఈ ధైర్యము సులభముగా అలవడలేదు. అమెరికాలోను ఇంగ్లండులోను 1981లోనే అట్టి పత్రికలు పుట్టినవి. 1986లో జపానులో వెలసిన ‘ఫామిత్సు’ నలుగురు సమీక్షకులచే తలకు పది వంతున నలువది మార్కులు వేయించుచు వచ్చినది. ఆటను అమ్మువారే పత్రికకు ప్రకటనలిచ్చువారు; రాబోవు ఆటను ముందుగా చూపువారును వారే. అట్టి స్థితిలో సమీక్ష ప్రకటనగా మారుట కద్దు. మార్కులు వేయుట విమర్శ కాదు. అది కుక్కుటశాస్త్రమునకు దగ్గఱి చుట్టము. తరువాత కొందరు రచయితలు నియమమునకును భావమునకును గల సంబంధమును విప్పి చెప్పు వ్యాసములు వ్రాసి ఆ విద్యను పైకి తెచ్చిరి.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. నరసరావుపేటనుండి మాచెర్లదాక ప్రతి యూరిలోను ఆట ప్రతివాని జేబులో నున్నది. పందెమును ఆటగా చూపి అప్పుల పాలు చేయువి అందు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో 1974 నాటి జూద చట్టమును సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగష్టులో పార్లమెంటు చేసిన చట్టము డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, పందెము లేని ఆటలను వేఱుగా గుర్తించినది. చట్టము అంతవఱకే పోగలదు. ఉచితమని చేతికిచ్చి, నడుమ ఆపివేసి, ముందుకు పోవుటకు రూపాయలడుగు ఆటలున్నవి. లోపల ఏమున్నదో తెలియని పెట్టెను కొనిపించు ఆటలున్నవి. అట్టి పెట్టెలు కొన్ని జూదమేయని 2018లో బెల్జియము దేశపు జూద నియంత్రణ సంఘము తేల్చినది. నియమమును చదువగలవాడు ఈ మోసమును ముందే పసికట్టును. చదువలేనివాడు చెడిన తరువాత తెలిసికొనును. ఆటలన్నియు పాడని గద్దించు తండ్రి మాటను కుమారుడు వినడు. ఈ ఆట యెందుచేత చెడ్డది, ఆ యాట యెందుచేత మంచిదని చెప్పగలవాని మాట వినును.

మేలైన ఆటలకు కొదువ లేదు. 2020లో పుణె నగరపు యువకులు కూర్చిన ‘రాజీ’ యను ఆటలో ఒక బాలిక తన తమ్ముని వెదకుచు రాక్షసులతో పోరాడును. భారతీయ పురాణములును శిల్పమును దానికి ఆధారములు. రేపు ఎవరైనను పల్నాటి కథను అట్లు కూర్పవచ్చును. అపుడొక చిక్కు ప్రశ్న వచ్చును. బ్రహ్మనాయని పక్షమున ఆడువాడు కోడిపోరు గెలువవచ్చునా? గెలిచినచో వలస లేదు, రాయబారము లేదు, కారెంపూడి లేదు, కథయే లేదు. గెలువరాదన్నచో, ఓటమి ముందే వ్రాసిపెట్టిన దానిని ఆట యనుట ఎట్లు? ఈ ప్రశ్నకు సరియైన విమర్శ వ్రాయగలవాడు న్యూయార్కులో పుట్టడు. వీరుల గుడి ముంగిట కథ విన్నవాడే వ్రాయవలెను.

ఇందుకు గ్రంథాలయమే తగిన చోటు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాటినుండి గ్రంథాలయోద్యమము జనులకు చదువుటతోపాటు చర్చించుటయు నేర్పినది. ఇచట పత్రికల బల్లపై ఒక పుస్తకము తెఱచి యుంచినచో చాలును. ఆడిన యువకుడు అందు మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాయవలెను. ఈ ఆట ఏ పనిని మెచ్చుకొని బహుమానమిచ్చుచున్నది? ఓడినవానికి ఏమి నేర్పుచున్నది? ఎంత కాలమును, ఎంత ధనమును తీసికొని దానికి బదులేమి యిచ్చుచున్నది? ఆ పుస్తకములోనే వేఱొక వైపున, అవ్వలెఱిగిన వామనగుంటలను, అష్టాచెమ్మను, పులిజూదమును, వాని యూరి నియమములతో వ్రాయించి యుంచవలెను. అవి వ్రాతకెక్కకుండ పోయినచో తిరిగి దొరకవు.

ఇరువదియైదేండ్లు చదువరులను పెంచిన ఈ గ్రంథాలయము రాబోవు ఇరువదియైదేండ్లలో ఆటను కూడ చదువగలవారిని పెంచుగాక! పందెగాండ్ర మాటకన్న విమర్శకుల మాటకు ఈ యూరిలో విలువ హెచ్చుగాక! స్వస్తి.